గుంజి చూసినవా?

మా అక్క పోయింది. మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే వాళ్ల బాపు ఫోన్ చేసి, "బిడ్డ పోయింది, రా" అని పెట్టేశాడు. అక్క అంటే నా తోబుట్టువు కాదు. కరీంనగర్‌లో మేం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి. వయసులో పెద్దవాడైన మేనేజరు కూడా అక్కా అనే పిలిచేవాడు. సిరిసిల్ల బస్సు ఎక్కి కూర్చున్నాక ఏడుపు వచ్చింది. అప్పటిదాకా కోపమే ఉంది, ఎవరి మీదో తెలియదు.

వాళ్ల బాపు మరమగ్గాల దగ్గర వైపని చేసేవాడు. మగ్గం మీద నూలు అయిపోవచ్చినప్పుడు పాత పోగులను పీకి పారేయరు. ప్రతి పాత పోగు కొసకూ ఒక కొత్త పోగు కొసను వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. అతికినదాన్ని గుంజి చూసి, నిలిస్తేనే పక్కదానికి పోతారు. అదే వైపని. అక్క ఆయన పక్కన కూర్చునే చదువుకుంది. ఆ అలవాటును ఆఫీసుకూ తెచ్చింది. పని అయిపోయిందని ఎవరు చెప్పినా తల ఎత్తకుండా "గుంజి చూసినవా?" అనేది. వెనక నవ్వుకునేవాళ్లం. సరిచూడకుండా ఇస్తే నలుగురిలోనే తిట్టేది. మధ్యాహ్నం అదే మనిషికి తన డబ్బాలోని సర్వపిండిని సగం విరిచి పెట్టేది.

తర్వాత నరాల జబ్బు వచ్చింది. మొదట కాలు ఈడ్చింది, తర్వాత చేతులు బిగుసుకున్నాయి, ఆపైన మాట పడిపోయింది. దీనికి మందు లేదని హైదరాబాద్ డాక్టర్లు ముఖం మీదే చెప్పారు. ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకుని సిరిసిల్ల వెళ్లిపోయింది.

మేం ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటాం. దానికి ఎవరికి కావలసిన హంగులు వాళ్లు తగిలించుకోవచ్చు, వాటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు. అక్క ఒకటి తనే రాసుకుంది. రెండు అక్షరాలు కొడితే చాలు, వాక్యమంతా వచ్చేది, కంప్యూటర్ దాన్ని పైకి చదివేది. చేతులు మొరాయించినప్పుడు పని కోసం రాసుకున్నది, మాట పోయాక ఇంట్లో మాట్లాడటానికి పనికొచ్చింది. ఫోన్‌లో అలాంటివి బోలెడు ఉంటాయి కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఫోన్ అద్దం మీద ఆమె వేలు నిలిచేది కాదు. ఈ కీబోర్డు మీద మాత్రం చూపుడువేలికి దారి తెలుసు.

అలాంటి సమయంలో కంపెనీ ఎడిటర్ మార్చింది. పాతది ఆ నెలాఖరుతో ఆగిపోతుందన్నారు. నన్నూ, కంప్యూటర్లు చూసే అతన్నీ అక్క ఇంటికి పంపారు. అతను ఒక బటన్ నొక్కాడు, ఎక్స్‌టెన్షన్లన్నీ కొత్త ఎడిటర్‌లోకి వరసగా చేరాయి. అన్నీ వచ్చేసినయి, పాతది తీసేస్తానన్నాడు. అక్క కళ్లతోనే వద్దంది. వేలిని ఒక్కొక్క అక్షరం మీదికి ఈడ్చుకుంటూ, కొత్త ఎడిటర్‌లో ఇలా రాసింది: "గుంజి చూడలే."

తన రెండక్షరాలు కొట్టింది. ఏమీ రాలేదు. ఆన్‌లైన్ బజారులో అందరికీ దొరికే ఎక్స్‌టెన్షన్లే ఇటు వచ్చాయి. ఆమె చేత్తో రాసుకున్నది ఏ బజారులోనూ లేదు గనక అక్కడే ఉండిపోయింది. అతను చెప్పినట్టు పాతది తీసేసి ఉంటే ఆ పూట నుంచే ఆమె నోరు మూతపడేది.

ఇక వైపని మొదలైంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచాం. నేను ఒక్కో మాటనూ ఇటు చేర్చేవాడిని, ఆమె నొక్కి చూసేది, కంప్యూటర్ ఏ ఊరిదో తెలియని గొంతుతో పలికేది. ఫ్యాన్ బంద్ చెయ్యి. జర పక్కకు తిప్పున్రి. అలా పోతూ పోతూ "నొస్తుంది బాపూ" అనే మాట దగ్గరికి వచ్చాం. అది పలకగానే వంటింట్లోంచి ముసలాయన తడి చేతులతో ఉరికొచ్చాడు. ఊరికే చూస్తున్నాం అని చెప్పాను. ఆయన తల ఊపాడు, కానీ మళ్లీ లోపలికి పోలేదు, గడప మీదే కూర్చున్నాడు. తర్వాతి మాట వచ్చింది.

"బాపూ, బువ్వ తిన్నవా?"

"తిన్న బిడ్డా," అన్నాడాయన, కంప్యూటర్ వైపు కాదు, ఆమె వైపు చూసి.

అన్నీ అతికాయి. ఒక్కటీ తెగలేదు. కానీ కొన్నాళ్లకే ఆ వేలు కూడా ఆగిపోయింది. మేం చేర్చిన మాటలన్నీ ఆ పెట్టెలో భద్రంగా ఉన్నాయి, నొక్కే వేలే లేదు. చూడటానికి వెళ్లినప్పుడు బాపు నన్ను పక్కకు పిలిచి, బువ్వ తిన్నవా అనే మాటకు నొక్కే ఆ రెండక్షరాలు ఎక్కడుంటాయో అడిగాడు. చూపించాను. అన్నం తినే వేళ ఆయన ఆమె వేలిని తన వేళ్ల మధ్య పట్టుకుని ఆ అక్షరాల మీద ఆనించేవాడట. అడిగినదానికి జవాబు చెప్పి, అప్పుడు పళ్లెం ముందు కూర్చునేవాడట.

మొన్న నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ మూసి గూట్లో పెట్టి ఉంది. వచ్చేటప్పుడు దాన్ని తీసుకురమ్మని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ కట్ చేశాను. అక్క మీద కొత్త తెల్లబట్ట కప్పారు. గుడ్డ తానులోంచి అప్పుడే చింపిన బట్ట, అంచున పోగులు వేలాడుతున్నాయి. బాపు ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. బట్ట అంచున రెండు పోగులను దొరకబుచ్చుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా మెలిపెట్టాడు. అక్కను ఎత్తడానికి నలుగురు వచ్చి నిలబడ్డారు. ఆయన లేవలేదు. ఆ అతుకును ఒకసారి గుంజి చూశాడు.