పంటు మీద కూర్చుని కరిగించిన కేలరీలు

నలభై ఎనిమిదో ఏట, షుగరు అంచుదాకా వచ్చిందని చెప్పి మా డాక్టరుగారు నన్ను ఎనిమిది కిలోలు తగ్గమన్నారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆ మాట ఫోన్లో విని, వారం తిరక్కుండా చేతికి కట్టుకునే వాచీ ఒకటి పంపింది. టైము చూపించడం దానికి చాలా చిన్న పని. మణికట్టు మీద పచ్చటి దీపం మిణుకుమిణుకుమంటూ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూసేది. దాన్నిబట్టి ఒంట్లో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చెప్పేది. నేను లెక్కల మాస్టర్ని. అంకె కనిపిస్తే నమ్మేసే జబ్బు నాకు షుగరుకంటే ముందునుంచే ఉంది.

రోజూ పొద్దున్నే నరసాపురంలో గోదావరి గట్టుమీద గంటసేపు నడిచేవాణ్ణి. వాచీ నాలుగు వందల పైచిలుకు చూపించేది. ఇంటికొచ్చి, మామూలుగా తినే పెసరట్టు మీద ఇంకొకటి, అందులో ఉప్మా వేయించుకుని, కొబ్బరి పచ్చడితో నిశ్చింతగా తినేవాణ్ణి. కరిగినదానికంటే తక్కువే తింటున్నానని నా లెక్క.

"ఏవండీ, నడిచినందుకు తింటున్నారా, తినడానికి నడుస్తున్నారా?" అని అడిగింది మా ఆవిడ, రెండో అట్టు తిరగేస్తూ.

"సైన్సే ఒప్పుకుంటుంటే నీకేంటి?" అన్నాను.

రెండు నెలల తర్వాత డాక్టరుగారి దగ్గర తూకం ఎక్కితే కిలోన్నర పెరిగాను. ఆ మిషనే తప్పు చూపిస్తోందని నేను అనుమానపడ్డాను గానీ, నా చేతికున్నదాని మీద మాత్రం అనుమానం రాలేదు.

మా స్కూలు గోదావరికి అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి వైపు. రోజూ పంటు మీద దాటాలి. మనుషులూ మోటారు సైకిళ్లూ ఆటోలూ అన్నీ ఎక్కే ఆ పడవలో ఒక చేపలావిడ రోజూ నాతోపాటే దాటేది. యాభై దాటిన మనిషి. నిండు గంపతో అవతలి ఊళ్లకు వెళ్లి, వీధివీధీ తిరిగి అమ్ముకుని మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేది. ఆరేళ్లుగా ఒకే పడవలో వెళ్తున్నా, "ఏమ్మా, బావున్నావా?" అంటే "ఆయ్, బావున్నానండి మాస్టారూ" అనడం వరకే మా పరిచయం.

ఓ రోజు పొద్దున్న నది బాగా పాటు మీద ఉంది. నీళ్లు తీసేసి ఇసుక మేటలు పైకి తేలుతున్నాయి. సగం దూరం వెళ్లేసరికి అడుగున కర్రుమని చప్పుడైంది, పంటు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "మేట ఎక్కిందండి, పోటు రాగానే లేస్తుంది, కంగారు పడకండి" అని పంటు నడిపే అతను కేకేశాడు. అందరూ కబుర్లలో పడ్డారు. నాకు మాత్రం ఈత రాదు. బల్ల మీద కూర్చుని, ఇనప కమ్మీ రెండు చేతులా పట్టుకుని, తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకున్నాను. అన్నవరం వచ్చి వ్రతం చేయించుకుంటానని కూడా మొక్కేశాను.

నలభై నిమిషాలకు పంటు కదిలింది. అవతలి ఒడ్డున దిగాక వాచీ చూసుకున్నాను. 'శభాష్! మంచి వ్యాయామం చేశారు' అని ఉంది. మూడు వందల డెబ్భై కేలరీలట!

నా మొహం చూసి చేపలావిడ ఆగింది. "ఏంటి మాస్టారూ, అలా అయిపోయారు?"

సంగతి చెప్పాను. గంప కింద పెట్టి మరీ నవ్వింది. "కూకున్నోరికి అంతొస్తే, మరి నాకెంతొస్తదండి?"

ఆ ప్రశ్న నన్ను స్కూలు దాకా వెంటాడింది. మర్నాడు పంటు దిగగానే వాచీ విప్పి, "ఈ పూటకు ఇది కట్టుకుంటావా అమ్మా?" అని అడిగాను.

"షాకు కొట్టదు కదండీ?" అంటూనే ఎడమ చెయ్యి చాపింది.

ఆ వేళ బడి వదిలేదాకా రేవులో నాకోసం ఆగి, చీర చెంగుతో శుభ్రంగా తుడిచి ఇచ్చింది. మూడు ఊళ్లు తిరిగిందట. వాచీ ఏమో నూట ఎనభై కేలరీలంది. అడుగులైతే మరీ అన్యాయం, వెయ్యి కూడా దాటలేదు. పొద్దుటి నుంచీ ఈవిడ ఎక్కడో కూర్చుని ఉందని దాని అభిప్రాయం.

మర్నాడు మా స్కూల్లో సైన్సు చెప్పే మేడమ్‌గారికి చూపించి, నా పెసరట్ల లెక్కతో సహా సంగతంతా చెబితే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆవిడ ఆ చేత్తో గంప పట్టుకుని ఉంటుంది మాస్టారూ. చెయ్యి ఊగకపోతే దీనికి అడుగు తెలీదు. చిన్నప్పటి నుంచీ మోసే గుండె కాబట్టి తొందరగా పరుగెత్తదు. మీ గుండె భయానికి పరుగెత్తింది. భయపడ్డారో, బరువెత్తారో దానికేం తెలుసు? నాడి ఒక్కటే కాస్త సరిగ్గా చూస్తుంది, మిగతాదంతా మీ వయసూ బరువూ పెట్టుకుని వేసే అంచనా."

"అంటే నా నాలుగు వందలు?"

"అందులో ఎంత నిజమో నేనూ చెప్పలేను. రెండో పెసరట్టు మాత్రం పూర్తిగా నిజం."

ఆ శనివారం రేవులో దిగాక, నాకేం పుట్టిందో, గంప నేను మోస్తానన్నాను. చేపలావిడ వద్దంటూనే గుడ్డ చుట్టి నా తలమీద పెట్టి, ఇంకొకరి సాయంతో గంప ఎత్తింది. మెడ భుజాల్లోకి దిగిపోయింది. రేవు ఏటవాలు ఎక్కి రోడ్డు మీదకు వచ్చేసరికి ఒళ్లంతా చెమట, చొక్కా మీదుగా చేపల నీళ్లు. వంద అడుగులైనా వేశానో లేదో.

"దించెయ్యండి మాస్టారూ, బడికెళ్లాలి తమరు" అని గంప అందుకుంది. "మీ మిషనేమంటంది?"

చూసే ఓపిక నాకు లేదు. "అదేమన్నా సరేగానీ, రోజుకు ఎంత దూరం నడుస్తావమ్మా?" అని అడిగాను. ఆరేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"దూరం ఎవరు చూశారండి? గంప ఖాళీ అయ్యేదాకా నడవడమే" అంది, మామూలుగా.

ఆ వేళ క్లాసుకు చేపల వాసనతోనే వెళ్లాను. తొమ్మిదో తరగతి వాళ్లు ముక్కులు మూసుకుంటుంటే పాఠం ఆపేసి ఈ కథంతా చెప్పాను. ఆ రెండు అంకెలూ బోర్డు మీద వేసి, లెక్క ఎక్కడ తప్పిందో చెప్పమన్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "లెక్క తప్పలేదండి, ఇచ్చిన వివరాలే చాలలేదండి" అంది. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అంత మంచి జవాబు నాకు తట్టలేదు.

తర్వాత నేను చేసింది పెద్ద గొప్పేమీ కాదు. నడక మానలేదు, పెసరట్టు ఒక్కటే తిన్నాను. దసరా నాటికి అయిదు కిలోలు తగ్గాను. డాక్టరుగారు ఏం చేశారని అడిగితే, "తినడానికి నడవడం మానేశానండి" అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ, ఆ మాట తనదేనని ఆయనకు తెలిసేదాకా ఊరుకోలేదు.