విక్టోరియా జలపాతం దగ్గర అక్క

మా బావగారి ఉద్యోగమంతా సరుకు ఓడల ఇంజన్ గదుల్లోనే గడిచింది. బొగ్గు కోసం దక్షిణాఫ్రికా రేవులకు ఎన్నిసార్లు వెళ్ళారో ఆయనకే గుర్తులేదు. కేప్‌టౌన్‌లో బల్లలా చదునుగా ఉండే టేబుల్ మౌంటెన్‌ని డెక్ మీంచి చూడటమే తప్ప ఎక్కింది లేదు. విక్టోరియా జలపాతం గురించైతే తోటివాళ్ళు చెబితే విన్నారంతే. సెలవుకి వన్ టౌన్‌లోని ఇంటికి వచ్చినప్పుడల్లా, "రిటైరైపోనీ, నిన్ను అట్టుకెల్లి అన్నీ సూపిత్తాను" అనేవారు అక్కతో.

ఆయన రిటైరయ్యే ముందు నుంచే అక్క చీకటిపడితే చాలు, సందులో ఆపిన ఆటోలకు గుద్దుకునేది. రెటీనా జబ్బన్నాడు డాక్టరు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందట, ఆపే మందు లేదట. బావగారు రిటైరై ఓడ దిగి ఇంటికి రాగానే టిక్కెట్లు తీశారు. స్టీల్‌ప్లాంట్‌లో సెలవు పెట్టి నేనూ తోడు వెళ్ళాను.

జింబాబ్వే వైపు నుంచి జలపాతం చూశాం. కనపడక ముందే దాని హోరు వినిపించింది. లోయలోంచి లేచిన తుంపర వానలా పడుతోంది. రెయిన్‌కోట్లు వేసుకున్నా ముగ్గురం తడిసిపోయాం.

"ఏటి కనపడతంది?" అని బావగారు గట్టిగా అరిచి అడిగారు.

"తెల్లగా ఏదో ఉంది."

"ఎంత కనపడతంది?"

అక్క బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న గుండ్రం చేసి చూపించింది.

ఆయన ఆమె వెనక్కి వచ్చి నిలబడ్డారు. తర్వాత ఆమె తలను రెండు చేతుల్లోకి తీసుకుని, ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పసాగారు. "ఇదిగో, ఇక్కడ మొదలు. మద్దిలో రాయి ఉంది, సూడు. ఇక్కడ ఇంద్రధనుస్సు." అలా ముక్కలు ముక్కలుగా అంత పెద్ద జలపాతాన్నీ చూపించాలని చూశారు.

"సాలండి, మెడ నొప్పెడతంది" అంది అక్క మెత్తగా.

ఆయన పక్కకెళ్ళి నిలబడ్డారు. అందరి మొహాలూ తడిసే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు గానీ, భుజాలు కదలడం నేను చూశాను.

కేప్‌టౌన్‌లో కొండని మబ్బు కమ్మేసింది. కేబుల్ కారు ఆపేశారు. "ఇయ్యాల మీకూ కనపడతం లేదు కదా? అందరం ఒకటే" అని అక్క నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

మర్నాడు పెంగ్విన్లుండే సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాం. దూరంగా ఒక రాయి మీద ఒంటరిగా ఒక పెంగ్విన్ నిలబడి ఉంది. అక్క దానివైపే చూస్తూ ఉండిపోయింది. "ఇది మాత్తరం తల కాణ్ణించి కాళ్ళ దాకా మొత్తం కనపడతంది" అంది. ఎంత పిలిచినా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ తర్వాతి వానాకాలానికి ఆ కాస్త చూపూ పోయింది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"మీ అక్కని ముందే తీసికెల్లాల్సింది" అన్నారు. "రిటైరవ్వాలి, రిటైరవ్వాలి అనుకుంటా కూకున్నాను."

చెప్పులు విప్పి లోపలికి నడిచాను. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరొచ్చారు?" అంది అక్క, గోడవైపు చూస్తూ.

"నానే అక్కా" అన్నాను.