పాఠం చెప్పని యూనివర్సిటీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. పొల్లాచ్చి పక్కన మా పల్లెలో ప్రవేశ పరీక్ష గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే మరి. (రెండోవాడు లేడు కనుక పోటీ కూడా లేదు.) ఇక చెన్నపట్నం పోయి, సర్కారు కొత్తగా పెట్టిన యూనివర్సిటీ పట్టా పుచ్చుకోవాలని కోరిక. అయితే ఇంటికి పెద్ద మా పెద్దనాయన. పత్తి పనులు మాన్పించి నన్ను పంపడానికి ఆయనకు కారణం కావాలి. కాదంటే నా చదువు అంతటితో సరి.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, "ఆ యూనివర్సిటీ ఏంటికిరా?" అన్నాడు. నేను లేచి నిలబడి, మా పంతులుగారి ధోరణిలో, "దేశప్రజలలో విద్యాభివ్యాప్తి, యోగ్యతా నిర్ణయము, సచ్ఛీల సంవర్ధనము దాని పరమోద్దేశములు" అని అందుకున్నాను. పెద్దనాయన అవ్వ వైపు తిరిగి, "అమ్మా, వీడు మాట్లాడేది నీకేమన్నా పురిసిందా?" అన్నాడు. "లేదప్పా. ఏదో మంత్రం మాదిరి ఉండాది," అంది అవ్వ. "సరి, అక్కడ ఏం పాఠం చెప్తారు?" అని ఆయన మళ్లీ అడిగాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. "పాఠం చెప్పరు పెద్దనాయనా. అది కాలేజీల పని. యూనివర్సిటీ పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది," అన్నాను. "పాఠం చెప్పనోడు పరీట్చ పెట్టేదా? విత్తనం వెయ్యనోడు కళ్లంలోకి వచ్చి నిలబడినట్టు ఉండాదే." తలుపు చాటున పిన్నమ్మలు నవ్వారు. నేను మాత్రం తగ్గలేదు.

"సంతలో అమ్మేవాడు మంచి ఎద్దంటే మీరు నమ్మి కొనేస్తారా?" అన్నాను. "వాడి ఎద్దును వాడు పొగడకుండా ఉంటాడా? నేనే దాని నోరు తెరిచి పళ్లు చూస్తా." "ఇదీ అంతే. పంతులు తన పిల్లవాణ్ణి పొగుడుతాడు. వీళ్లు పళ్లు చూస్తారు. జమీందారు కొడుకైనా, రైతు కొడుకైనా నోరు తెరవాల్సిందే." పెద్దనాయన మీసం నిమురుకున్నాడు. "ఎల్లారికీ ఒకటే చూపా?" "ఒకటే." "అట్లైతే పో. పళ్లు బాగలేవని తిప్పి పంపిస్తే మాత్రం కాడికి కట్టేస్తా."

మర్నాడే పోదనూరు రైలుకు బండి కట్టించాడు. దారి పొడవునా ఎదురైన ప్రతివాడికీ, "మావాడు పట్నానికి పళ్లు చూపించేదానికి పోతాండు," అని గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. స్టేషనులో ఎవరో పెద్దమనిషి జాలిపడి నా చేతిలో నాలుగు లవంగాలు పెట్టాడు.

పట్టా దొరికింది. ఇప్పుడు మదురైలో నేనూ పాఠాలు చెబుతున్నాను. యూనివర్సిటీ ఆశయాల మీద మాట్లాడమని అప్పుడప్పుడూ సభలకు పిలుస్తారు. బరువైన మాటలు ఏరి గంటసేపు చెబుతాను. అందరూ మర్యాదగా చప్పట్లు కొడతారు. విన్నాక ఇంటికి పోయి, కొడుకు కోసం బండి కట్టించినవాడు మాత్రం ఇంతవరకూ నాకు కనిపించలేదు.