అన్నయ్య అతికించిన ఫిడేలు

మొన్న భోజనాల బల్ల దగ్గరి కుర్చీ కాలు ఊడితే, బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి అబ్బాయి డబ్బాలోంచి తెల్లటి జిగురు తీసి, ఇది పెట్టానంటే ఇక జన్మలో ఊడదమ్మా అని గొప్పగా చెప్పాడు. సరేలే నాయనా అన్నాను గానీ, మా మామగారు గుర్తొచ్చి నవ్వాగలేదు. ఊడని జిగురంటే ఆయనకు ఒళ్ళుమంట.

డెబ్భైలలో నేను కోడలిగా అడుగుపెట్టేనాటికి గవర్నర్‌పేటలోని ఆ ఇంటి ముందుగది నిండా విప్పదీసిన ఫిడేళ్ళూ వీణలే. వాటిని బాగుచేయడం మామగారి పని. తోలు ఉడికించి తీసే జిగురు తప్ప మరోటి ముట్టేవారు కాదు. అది వేడికీ తడికీ మెత్తబడుతుంది కనుక, పలచటి చాకును వేడినీళ్ళలో ముంచి అతుకులోకి జొనిపి, కాసేపు ఆగి, మళ్ళీ కాస్త జరుపుతూ పోతే చెక్కకు గాయం కాకుండా పెట్టె విచ్చుకునేది. అతుకు వదిలేటప్పుడు వచ్చే చిన్న చప్పుడు ఆయనకు వినపడాలని, అంతసేపూ మా అత్తగారు వంటింట్లో గిన్నె కూడా కదపనిచ్చేవారు కాదు.

నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నది మా అమ్మ ఫిడేలు. అమ్మ దాన్ని చర్చిలో వాయించేది. ఆవిడ పోయిన ఏడాది వానలకు దాని మూల ఒకటి ఊడివస్తే, ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే మా అన్నయ్య, రెండు ట్యూబుల్లో వచ్చే జిగురుమందు కలిపి, అమ్మ వస్తువు మళ్ళీ ఊడకూడదని దట్టంగా పట్టించి అతికించాడు. తర్వాత కొన్నాళ్ళకు లోపలి బద్ద వదిలిపోయి, ఫిడేలు జలుబు చేసిన గొంతులా మూలగసాగింది. పైచెక్క విప్పితే తప్ప ఆ బద్ద చేతికందదు.

ఒక ఆదివారం మామగారు దాన్ని విప్పబోతుంటే, ఆరాధన అయ్యాక అన్నయ్య కూడా వచ్చి కూర్చున్నాడు. చుట్టూ సాఫీగా తిరిగిన చాకు, అన్నయ్య అతికించిన మూల దగ్గర ఆగిపోయింది. ఎంత వేడినీళ్ళు పెట్టినా కదలదు; బలవంతం చేస్తే పైచెక్క నిలువునా చీలుతుంది. బయటివాళ్ళెవరైనా ఆ మందు పెట్టి తెస్తే చెడామడా తిట్టే మామగారు, చాకు పక్కన పెట్టి కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. అన్నయ్యే నోరు విప్పాడు.

"ఊడకూడదనే పెట్టానండీ మావయ్యగారూ. ఇంతపని అవుద్దనుకోలేదు."

"ఆమాత్రం నాకు తెలీదా బాబూ. కానీ ఇది ఊడితేనే బతుకుద్ది. ఆ మూల కోసెయ్యాలి. నువ్వు సరేనంటేనే."

అన్నయ్య తలూపాడు. రంపం ఆడుతున్నంతసేపూ ఫిడేలును తనే రెండు చేతులా పట్టుకున్నాడు, ఆస్పత్రిలో అమ్మను పట్టుకున్నట్టే. పైచెక్కా పక్కచెక్కా కలిసి బొటనవేలంత ముక్క ఊడివచ్చింది. మామగారు లోపలి బద్ద సరిచేసి, ఆ మూలకు కొత్త చెక్క చెక్కిపెట్టి, రేపు విప్పబోయేవాళ్ళకు కష్టం కాకూడదంటూ తోలు జిగురే పలచగా పూశారు. ఆ క్రిస్మస్‌కు నేను చర్చిలో వాయిస్తుంటే అన్నయ్య వెనక బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు చెప్పుకైనా కుర్చీకైనా విప్పడమన్న మాటే లేదు, విరిగితే పారెయ్యడమే. ఫిడేలు మా మనవరాలి దగ్గరుంది, ఈమధ్య విప్పించాల్సి వస్తే హాయిగా విచ్చుకుంది. మామగారి మాటే నిజం, కాదనను. కానీ ఆనాడు కోసేసిన ముక్క మాత్రం నా కుట్టుమిషను సొరుగులో ఉంది. అన్నయ్య పోయాక ఒకరోజు, ఎందుకో తెలీదు, దాన్ని వేడినీళ్ళలో నానేసి చూశాను. వాడు అతికించిన చోట ఇంకా వదల్లేదు.