నేను రాసిన ఎర్ర కార్డు

ఎవరైనా నవ్వుతూ "మీది ఏ రంగు స్వభావం?" అని అడిగితే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. మనుషుల్ని నాలుగు రంగుల్లోకి సర్దే ఆ విద్య నేనూ నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకోలేదు, వాడాను కూడా. అందుకే ఆ రోతలో సగం నా మీదే.

షోలాపూర్ కుంఠా నాకా దగ్గర తువాళ్ళు నేసే ఒక కార్ఖానాలో నాది ఆఫీసు పని. మాలక్, అంటే యజమాని, ఆయనా మన తెలుగువాడే. తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన కుటుంబం. ఆయన పుణెలో ఏదో మీటింగుకి వెళ్ళొచ్చి, పెద్ద కంపెనీల్లో లాగా మన దగ్గరా 'టీమ్ కోచింగ్' జరగాలన్నాడు. వారం తిరిగేసరికి పుణె నుంచి ఒక ట్రైనర్ దిగాడు. ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని మరమగ్గాల షెడ్డులోకి వచ్చాడు, కోటు మీద పడ్డ నూలు నుసిని చిటికెన వేలితో దులుపుకున్నాడు, ఐదు నిమిషాల్లో బయటపడ్డాడు. ఆ ఐదు నిమిషాలు తప్ప అతను మా షెడ్డులో కాలు పెట్టలేదు.

శిక్షణ హోటల్ హాల్లో జరిగింది. ఆఫీసు వాళ్ళం, సూపర్‌వైజర్లం కలిసి ఆరుగురం. ట్రైనర్ లెక్కలో గొంతు పెంచేవాడు, తొందరపడేవాడు, అజమాయిషీ చేసేవాడు ఎరుపు. కబుర్లు చెప్పి నవ్వించేవాడు పసుపు. నెమ్మదస్తుడు, అందరివాడు ఆకుపచ్చ. పద్ధతి తప్పనివాడు నీలం. రెండు రోజులు మా చేత బంతులు విసిరించి, చప్పట్లు కొట్టించి, ఒకర్నొకరు పొగిడించి, చివరికి నా మెడలో నీలం కార్డు వేశాడు. "మీరు పద్ధతి మనిషి. మంచి కోచ్ అవుతారు" అన్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను పొంగిపోయాను.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. మాది భవాని పేట్‌లో ఒక పాత వాడ, వరసగా గదులు. అమ్మ బీడీలు చుడుతూ చాటలోంచి తలెత్తి ఒకసారి చూసింది.

"నువ్వెట్ల ఉంటవో చెప్పనీకి పుణెకెల్లి మనిషి రావాల్నా? నన్నడిగితే చెప్పకపోదునా" అంది. మళ్ళీ చుట్టుకోసాగింది.

అప్పుడే మా షెడ్డులో జాబర్ పని ఖాళీ అయింది. జాబర్ అంటే మగ్గాల మరమ్మతు చూసుకుంటూ నేసేవాళ్ళందరినీ కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆ పని కాకదే అని షెడ్డు మొత్తానికీ తెలుసు. కాక అంటే మా పక్క గది మనిషి, మా నాన్న పక్క మగ్గాల మీద బతుకంతా నేసినవాడు. నాన్న పోయాక మా ఇంటికి పెద్ద దిక్కు ఆయనే. మగ్గం శబ్దం విని, అది ఎక్కడ తప్పబోతుందో ముందే చెప్పేవాడు. శబ్దం కూడా చెవితో కాదు, చెక్క మీద అరచెయ్యి పెట్టి వినేవాడు. కానీ మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగు మగ్గాల మధ్య రోజంతా నిలబడాలి. జాబర్‌కైతే కూర్చోవడానికి ఒక స్టూలుంటుంది.

"గీ పని రాకపోతే ఇగ నిలవడుడు నాతోని కాదు బిడ్డా. ఇంట్ల కూసోవుడే" అన్నాడు నాతో ఒక పొద్దున వాడ మెట్ల మీద.

ఈసారి జాబర్‌ని కార్డు చూసి తీసుకుంటామన్నాడు మాలక్. ఇరవై ప్రశ్నల కాగితం నా చేతికిచ్చారు. ఆ పని కోరినవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగి నింపాలి. ట్రైనర్ ఒక్కటే హెచ్చరించాడు. వాళ్ళ గురించి మీకు తెలిసింది రాయొద్దు, కళ్ళకు కనిపించిందే రాయండి అని.

మా షెడ్డుల్లో అందరూ అరుస్తారు. పది కాలాలు మగ్గాల మధ్య ఉన్నవాడికి చెవులు మిగలవు. కాక ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వాడ చివరికి వినిపిస్తుంది. అసలు చెప్పుకోవాల్సినవి వాళ్ళు చేతులతో చెప్పుకుంటారు. పోగు తెగిందనడానికి రెండు వేళ్ళు, చాయ్‌కి బొటనవేలు, ఏమైందని అడగడానికి వెల్లకిలా తిప్పిన అరచెయ్యి. నాన్నా కాకా అన్నం దగ్గర కూర్చుని కూడా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. నాకు అక్షరాల కన్నా ముందు ఆ భాషే వచ్చింది.

అంత తెలిసిన నేను, మగ్గాలు ఆడుతుండగా అట్ట పట్టుకుని కాక పక్కన నిలబడ్డాను. ఎదుటివారి మీద గొంతు పెంచుతారా అన్నది ప్రశ్న. కాక నా చెవి దగ్గర నోరు పెట్టి నవ్వుతూ అరిచాడు.

"రాస్కో బిడ్డా. నేను ఎవలతోని లొల్లి పెట్టుకోను."

గొంతు పెంచుతారు అని టిక్కు పెట్టాను. పెంచాడు కదా మరి. ఎదుటివారు ముగించేదాకా ఆగుతారా? నా ప్రశ్న సగంలోనే, వినబడక, పాత జవాబే మళ్ళీ చెప్పాడు. ఆగరు అని టిక్కు పెట్టాను. అట్లా సగానికి పైగా ఎరుపులో పడ్డాయి. ఆ టిక్కులు తలుచుకుంటే నా చెయ్యి మీద నాకే ఏవగింపు పుడుతుంది. ఎంత నీటుగా పెట్టానో!

మర్నాడు మాలక్ గదిలో కూర్చున్నాం. ట్రైనర్ కార్డులు బల్ల మీద పరిచి కాక కార్డు వేలితో ముందుకు తోశాడు. "ఎరుపు. ఇలాంటి మనిషిని జట్టు మీద పెడితే జట్టు చీలిపోతుంది" అన్నాడు. మా కాక కార్ఖానాలో ఎవరినైనా ఒరేయ్ అని పిలవగా ఎవరూ వినలేదు. ఆకుపచ్చ కార్డు మాలక్ భార్య తరఫు చుట్టానిది. మగ్గానికి పడుగు నూలు చుట్టిన బీము ఎక్కించడం కూడా రాదు అతనికి. ఎప్పుడూ ఆఫీసు వరండాలో నిలబడతాడు గనక మెల్లగా మాట్లాడతాడు. ఆ కార్డు చూడగానే మాలక్ మొహం తేటపడింది. ఆయనకు కావాల్సిందీ అదేనని అప్పుడు అర్థమైంది నాకు. ముందే తేల్చుకున్నదానికి మర్యాదగా పూయడానికి ఇన్ని రంగులు.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ట్రైనర్ నా వైపే చూశాడు. ఆయనకు చెవులు వినబడవు సార్. అంతే, అనాల్సింది. నాలుక మీదే ఉంది. కోచ్ పని నాకిస్తారన్న ఆశ కూడా ఆ పక్కనే ఉంది. నేను తల వంచుకుని, కార్డుల అంచులు సమంగా సర్దాను.

మర్నాడు ఆ చుట్టమే కొత్త జాబర్ అని బోర్డు మీద కాగితం అంటించారు. నేను ఫైలు పట్టుకుని షెడ్డులోంచి పోతుంటే, మగ్గాల సందులోంచి కాక నా వైపు అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సైగ. అర్థం కానట్టు ఫైల్లోకి చూసుకుంటూ వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఆయన మా గడప మీదికి వచ్చి మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. నేను లోపల స్టౌ దగ్గర ఉన్నాను. ఆయన ఎంత మెల్లగా మాట్లాడినా లోపలికి వినిపిస్తుంది.

"ఇగ రేపటికెల్లి వస్తలేనని చెప్పొచ్చిన వదినే. కాయ్ కరాయ్‌చ, ఏం జేస్తం" అన్నాడు.

అమ్మ ఆకు కత్తిరించడం ఆపింది. "నా బిడ్డ ఆడనే ఉండె గదా. ఒక్క మాట చెప్పకపాయెనా?"

"ఊకో వదినే, దాన్నేమనకు. చెప్పే ఉంటది. దాని గొంతు సన్నం గదా. గా సప్పుడుల ఎవలికి ఇనవడ్తది?"

అవునంది అమ్మ. మా వాడలో ఒక మాట చేరలేదంటే మగ్గాల చప్పుడు తప్ప ఇంకో కారణం ఎవరూ వెతకరు. నేను స్టౌ వైపు తిరిగి నిలబడ్డాను. మాలక్ గదికి రెండు అద్దాల తలుపులుంటాయి. కార్డులు పరిచిన రోజు రెండూ వేసే ఉన్నాయి. లోపల నాకు నా గాజుల చప్పుడు కూడా వినిపించింది.