మా వదిన శనివారపు సంచి

గురువారం తెల్లవారుతుండగా మా వదిన, అంటే నా భర్తకు అక్క, ప్రభువునందు నిద్రించింది. ఆమె పక్కవాటాలో ఉండే ఆయమ్మ వచ్చి నా తలుపు తట్టి, "లెయ్యమ్మా, మీ వదిన పలకతా లేదు" అని చెప్పింది. నేను వీధి దాటి వెళ్ళేసరికి వదిన రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకొని, ఎవరైనా పిలిస్తే లేచి వచ్చేట్టుగానే పడుకొని ఉంది. కుట్టుమిషను మీద సగం కుట్టిన రవిక సూది కిందనే ఉంది. తలుపు వెనక మేకుకు శనివారపు సంచి వేలాడుతోంది. ముందు ఆమె ముఖం చూశాను. తరువాత సంచిని చూశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

శుక్రవారం సమాధి చేశాం. సూళ్లూరుపేట నుంచి మా అన్న వచ్చాడు. సమాధుల తోట నుంచి తిరిగి వస్తూ, "ఇంక ఈ ఊళ్ళో నీకెవరుండారమ్మా? రేపు సాయంత్రం బండికి నాతో వచ్చెయ్యి. ఇంట్లో గది ఖాళీగానే ఉండాది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పదేళ్ళకు ముందు నా భర్త పోయినప్పుడు కూడా ఈ మాటే అన్నాడు. అప్పుడు నన్ను ఈ ఊళ్ళో నిలబెట్టింది మా వదిన. ఈసారి ఆమె లేదు. జవాబు నేనే చెప్పాలి.

"రేపు శనివారం గదా అన్నా. నా పని చూసుకొని చెప్తా" అన్నాను.

ఆ శనివారం పని ఏమిటో, ఆ పనిలో మా వదిన ఎట్లాంటి మనిషో ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నెల్లూరులో మా సంఘంలో ఒక పాత ఆచారం ఉంది. శనివారం సాయంత్రం ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇంటి ఆడమనిషీ అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. స్త్రీల సమాజం తరఫున ఒకరు సంచి పట్టుకొని వెళితే దాంట్లో వేస్తుంది. ఆదివారం ఆరాధనకు ఇందుకూరుపేట వైపు పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్ళకు మధ్యాహ్నం ఆ బియ్యమే వండి పెడతారు. ఊరంతా చెదిరి ఉన్న మావాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి ఆ పిడికెళ్ళు పోగుచేసే పని మా వదినది. ఎప్పటి నుంచి చేస్తోందంటే, నేను కాపురానికి వచ్చేనాటికే ఎవరికీ గుర్తులేదు.

చిన్న వయసులోనే భర్త పోతే, కుట్టుమిషను తొక్కుకుంటూ తమ్ముణ్ణి చదివించింది. పొట్టి మనిషి, నడక మాత్రం చాలా వేగం. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండేది గాని, అది విప్పగా నేను చూడలేదు. "తడస్తా ఉండావు గదా వదినా" అంటే, "ఇది కుక్కలకు మే, వానకు కాదు" అనేది. నన్నెప్పుడూ "మే" అనే పిలిచేది.

సంచి కూడా ఆమె కుట్టిందే. దళసరి గుడ్డతో పెద్ద పొట్ట. దానికి నోరు మాత్రం సన్నగా, పొడుగ్గా, చొక్కా చెయ్యిలాగా ఉంటుంది. నిజానికి అది ఒక పాత చొక్కా చెయ్యే. అందులో బియ్యం పోయడం కుదరదు. మణికట్టు దాటేదాకా చెయ్యి లోపల పెట్టి పిడికిలి తెరవాలి. కుట్టుపని ఇంత బాగా తెలిసిన మనిషి ఇట్లాంటి సంచి ఎందుకు కుట్టిందా అని చాలాకాలం అనుకున్నాను. గుడ్డ కలిసివస్తుందని కాబోలు అని ఊరుకున్నాను.

నా భర్త పోయిన తరువాత నేను గుమ్మం దాటడం మానేశాను. పిల్లలు లేరు. వీధిలో నలుగురూ జాలిగా చూస్తారని భయం. అన్న వచ్చి సూళ్లూరుపేటకు పిలిస్తే సరేనన్నాను, పెట్టె కూడా సర్దాను. ఆ శనివారం సాయంత్రం వదిన సంచితో వచ్చి వాకిట్లో నిలబడింది. ఇంట్లో గింజ లేదు. తెచ్చుకోవడానికి వీధిలోకి పోలేదు కాబట్టి లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఏమీ అడగలేదు, సంచి నోరు నా వైపు చాచింది. నేను వట్టి పిడికిలి బిగించి లోపల పెట్టి, తెరిచి, చెయ్యి తీసేశాను. "స్తోత్రం" అంది వదిన, అందరి దగ్గరా అన్నట్టే.

తరువాత సంచి నా చేతికిచ్చి, "నా భుజం లాగతా ఉండాది మే. ఈ పూటకు పట్టుకొని నాతో రా" అంది.

"ఈ ముఖంతోనా వదినా?"

"బియ్యం మోసేదానికి ముఖంతో పనేముంది? భుజముంటే చాలు."

నవ్వు వచ్చేసింది. ఆ నవ్వుతోనే గుమ్మం దాటాను.

అప్పటి నుంచి ఆ దారి నాది కూడా అయింది. సంతపేటలో మా వీధి నుంచి బయలుదేరి ట్రంకు రోడ్డు దాటాలి. మద్రాసు లారీ వస్తుంటే వదిన గొడుగు అడ్డంగా చాచి రోడ్డు మధ్యలో నిలబడేది. లారీ ఆగేది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టేవాడు. "తిట్టు నాయనా, బ్రేకులు బాగుండాయి నీకు" అంటూ నన్ను దాటించేది. అక్కడి నుంచి చిన్నబజారు. బెల్లం వాసన, కొత్తబట్టల గంజి వాసన, సముద్రం వైపు నుంచి తట్టలెత్తుకొని వచ్చే ఆడవాళ్ళ వెంట ఎండుచేపల వాసన. ఆ మలుపులో బొరుగుల అంగడి. అంగడి శెట్టిగారు మమ్మల్ని చూడగానే గల్లాపెట్టె దగ్గర నుంచే కేకవేసేవాడు.

"ఏం తల్లీ, మీ దేవుడికి మా బొరుగులు పనికిరావా?"

"నీ బొరుగులతో సంచి నిండతాది గాని బరువుండదు శెట్టిగారూ. మా దేవుడు తూకం చూస్తాడు."

ప్రతి శనివారం ఇదే మాట, ఇదే జవాబు. ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు.

పెద్దబజారు దాటితే కాలువ వంతెన. వంతెన గోడ మీద వదిన కాసేపు కూర్చునేది. ఆమె సాయంత్రపు ప్రార్థన అక్కడే. కళ్ళు మూసుకునేది కాదు. దారిన పోయేవాళ్ళను చూస్తూనే ఒక్కొక్క ఇల్లూ తలుచుకొని పెదవులు కదిలించేది. నేను వింతపడితే, "కళ్ళు మూసుకుంటే ఎవరి కోసం అడగతా ఉండానో మర్చిపోతా మే" అంది. అప్పటి నుంచి ఆ వంతెన మీద నేనూ కళ్ళు తెరిచే ప్రార్థిస్తాను. చివరికి రంగనాయకులపేట. గాలిగోపురం నీడలో పూలమ్మేవాళ్ళు "కూచోక్కా" అని జరిగి చోటిచ్చేవాళ్ళు. దాని వెనక పెన్న ఒడ్డు. వేసవిలో ఇసుకలో దోసపాదులు, సాయంకాలం చల్లటి గాలి. అక్కడ ఒక వరుసంతా మావాళ్ళే. రైల్వే గ్యాంగుమన్ ఇల్లు ఆ వరుసకు మొదటిది.

నడకలో ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. వాకిట్లోనే నిలబడాలి, లోపలికి తొంగిచూడరాదు. సంచి వైపు చూడరాదు, మనిషి ముఖం చూడాలి. జట్కావాడు ఊరికే ఎక్కించుకుంటానన్నా ఎక్కేది కాదు. "బియ్యం కోసమా మనం వచ్చింది? ఎవురెట్టుండారో చూసేదానికి వచ్చినాం. జట్కాలో కూచుంటే గుర్రం తోక తప్ప ఏం కనపడతాది?" అనేది. అన్ని ఇళ్ళూ అయి సంతపేటకు తిరిగివచ్చాక, తన గుమ్మం ముందు సంచి నాకిచ్చి లోపలికి వెళ్ళి, తన పిడికెడు తెచ్చి ఆఖరున వేసేది. "నాదీ ఒక ఇల్లే గదా" అనేది.

మొదటిసారి నడిచిన తరువాత సోమవారం పొద్దున ఆమె ఒక బియ్యపు మూట తెచ్చి మా ఇంట్లో దించింది. "మా ఇంట్లో ఎలకలు పడినాయి మే. ఇది నీ దగ్గరుండనీ. పురుగు పట్టకుండా వండుకో" అంది. పాపం ఎలుకల బాధ అనుకున్నాను. ఆ వారమే పెట్టె విప్పి, రానని అన్నకు కబురు పెట్టాను.

కొన్నేళ్ళకు వానలు సరిగా పడక బియ్యం దొరకడమే కష్టమైన ఏడాది ఒకటి వచ్చింది. అప్పుడే వదినకు జ్వరం తగిలింది. శనివారం నేనొక్కతెనే వెళ్ళాలి. పాత సంచి నోట్లో చెయ్యి ఇరికించలేక అందరూ పడే అవస్థ చూస్తున్నదాన్ని కదా, మంచిపని చేస్తున్నాననుకొని వెడల్పాటి నోటితో కొత్త సంచి ఒకటి కుట్టాను. నోటికి అంచు కూడా వేశాను. ఎంతో ఉత్సాహంగా పెన్న ఒడ్డు దాకా వెళ్ళాను. గ్యాంగుమన్ భార్య చిరునవ్వుతో గుమ్మంలోకి వచ్చి, సంచిని చూసి, చేతిని కొంగులో దాచుకుంది. "మర్చిపోయినానక్కా, వచ్చేవారం" అని తలుపు దగ్గరగా వేసింది. పక్కింట్లో పిలకాయకు జ్వరమన్నారు. ఆ పక్కింట్లో పలకనే లేదు.

వదిన మంచం మీద నుంచే సంచి ఎత్తి చూసింది. "ఏమ్మే, ఇంత తేలిగ్గా ఉండాది?"

"అందరూ మర్చిపోయినారంట వదినా."

"ఏదీ, దీపం దగ్గరికి తే." చూసి, జ్వరంలోనే పకపకా నవ్వింది. "ఇది సంచి కాదు మే, చేపల గంప! ఎంత నోరు పెట్టినావు!"

"వేసేదానికి సులువుగా ఉంటాదని..."

"ఉన్నోళ్ళకు సులువే. లేనోళ్ళకో?"

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి గోడకు ఆనుకొని కూర్చుంది. "నెల్లూరులో ఉంటా ఇంట్లో బియ్యం లేవని ఏ ఆడది చెప్పుకుంటాది? పక్కింటోళ్ళు వాకిట్లోనే ఉంటారు. మన సంచిలో అయితే చెయ్యి పెడతాది, తీస్తాది. ఏమేసిందో ఆమెకు తెలుసు, ప్రభువుకు తెలుసు. నువ్వు తెచ్చిన గంపలో వట్టి చెయ్యి ఎట్టా పెడతాది?"

"మరి నీకు తెలియదా?"

"గింజలు రాలితే చప్పుడవతాది. చప్పుడు కాకపోతే, సోమవారం ఏదో ఒక పని పెట్టుకొని ఆ ఇంటికి పోతా. రవిక కొలతలనో, ఇంకేదో." నా వైపు చూడకుండా అంది, "ఆ పొద్దు నీ చెయ్యి కూడా చప్పుడు చెయ్యలేదు మే."

ఆమె ఇంట్లో ఎలుకలు లేవని నాకు అప్పుడు తెలిసింది. తల వంచుకొని కూర్చుంటే, "ఏడవబాక. ఆ అంచు మాత్రం బాగా వేసినావు" అంది. మరుసటి వారానికి నా కొత్త సంచి ఆమె దిండుకు గలీబు అయింది. పాత సంచితో వెళ్ళిన శనివారం ఒక్క తలుపు కూడా మూసుకోలేదు. ఎవరి దగ్గర చప్పుడయిందో, ఎవరి దగ్గర కాలేదో నేనూ వినడం నేర్చుకున్నాను.

ఈ రెండేళ్ళుగా ఆమె వంతెన దాకానే రాగలిగేది. గోడ మీద కూర్చొని నన్ను ముందుకు పంపేది. తిరిగి వచ్చాక సంచి ఎంత బరువుందని ఎన్నడూ అడగలేదు. "ఎవురెట్టుండారు?" అని అడిగేది. అన్నీ చెప్పేదాన్ని. చప్పుడు కాని ఇళ్ళు చెప్పేటప్పుడు ఆమె కొంగు చివర ముడి వేసుకునేది. సోమవారానికి గుర్తు.

మొన్న శనివారం సాయంత్రం మేకు నుంచి ఆ సంచి తీసుకున్నాను. ఆమె ఇంటికి తాళం వేసి బయలుదేరాను. గొడుగు కూడా పట్టుకున్నాను. "నేనూ వస్తా పద, అట్నించటే స్టేషనుకు పోవచ్చు" అని అన్న వెంట వచ్చాడు. నేను కూడా తనతో బండి ఎక్కుతాననే అనుకుంటున్నాడు. ట్రంకు రోడ్డు మీద లారీ వస్తుంటే గొడుగు చాచాను. ఆగింది. డ్రైవరు తిట్టాడు. అన్న హడలిపోయాడు.

బొరుగుల అంగడి దగ్గర కేక వినపడలేదు. శెట్టిగారు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. కాసేపు సంచి వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఈ ఒక్క పొద్దు వేస్తా తల్లీ. మీ దేవుడు ఏమీ అనుకోడు గదా?"

నేను సంచి నోరు ఆయన వైపు చాచాను. ఆయన చెయ్యి లోపల పెట్టాడు. బొరుగుల చప్పుడు బియ్యపు చప్పుడులా ఉండదు, గలగలమంటుంది. "స్తోత్రం" అన్నాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "తూకం తగ్గితే నన్ననుకోమను" అన్నాడు.

వంతెన మీద కాసేపు కూర్చొని ముందుకు నడిచాం. పూలమ్మేవాళ్ళు జరిగి చోటిచ్చారు. పెన్న ఒడ్డున గ్యాంగుమన్ భార్య ముందుగానే వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. "ఈ వారం రారేమోనని అనుకుంటా ఉండాం అక్కా" అని, సంచిలో చెయ్యి పెట్టింది. గింజలు రాలాయి. ఆ వరుసలో ఒక ఇంట్లో మాత్రం రాలలేదు. నేను ఆ ఇంటావిడ ముఖం చూసి "స్తోత్రం" అన్నాను. కొంగు చివర ముడి వేసుకున్నాను.

అన్న అంతా చూస్తూ వెంట నడిచాడు. ట్రంకు రోడ్డు దగ్గర, స్టేషనుకు వెళ్ళే మలుపులో ఆగి, "నీకీ ఊళ్ళో ఎవురుండారని అడిగినా గదా, బుద్ధిలేక" అన్నాడు. "నేనొక్కణ్ణే పోతాలే. అప్పుడప్పుడూ వచ్చి పో." తన చేతిసంచి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

నేను మా వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. ఇంకా ఒక ఇల్లు మిగిలి ఉంది. వదిన గుమ్మం ముందు ఆగాను. నేను వేసిన తాళమే వేలాడుతోంది. లోపలికి తొంగిచూడలేదు. వాకిట్లో నిలబడి, సంచి నోట్లో మణికట్టు దాటేదాకా చెయ్యి పెట్టి, ఆ ఇంటి తరఫున పిడికిలి తెరిచాను. చప్పుడు కాలేదు.

"స్తోత్రం" అన్నాను, అందరి దగ్గరా అన్నట్టే.