మైకు ఆగాక పలికిన పేరు

ఈ సంగతి మీద నేను పదకొండు ఉత్తరాలు రాశాను. అన్నింటికీ రసీదులున్నాయి, జవాబు ఒక్కదానికీ లేదు. ఒకసారి మాత్రం ఒక అధికారి ఫోన్‌లో "మీరింకా దాన్ని వదల్లేదా?" అని నవ్వాడు. ఆ నవ్వును నేను జవాబు కింద జమకట్టలేదు. నా మాట వినాల్సినవాళ్లు వినలేదు కాబట్టి, నేనెవరో తెలియని పాఠకులకు మొదటినుంచీ చెబుతున్నాను.

నాలుగేళ్ల కిందటి బడ్జెట్ సమావేశాలు. అప్పటికి నేను శాసనసభలో రిపోర్టర్‌గా చేరి ఇరవై ఎనిమిదేళ్లు. పత్రికా విలేకరిని కాను. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా మా బంధువులకు ఎక్కలేదు, పెళ్లిళ్లలో ఇప్పటికీ "ఏ పేపరండీ?" అని అడుగుతారు. సభాపతి స్థానానికి దిగువన ఒక బల్ల ఉంటుంది. అక్కడ కూర్చుని సభలో పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం మా ఉద్యోగం. ఒక్కొక్కరం ఐదు నిమిషాలు రాస్తాం. దాన్ని టర్న్ అంటాం. టర్న్ అయిపోగానే లేచి వెనక గదిలోకి వెళ్లి, రాసుకున్నది టైపు చేయాలి. మా కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చుని రాస్తుంటారు. సభ వాయిదా పడేదాకా ఇదే తిరుగుడు. టీవీలో సభ చూసేవాళ్లకు మా నడినెత్తులు కనిపిస్తాయి. అవి ఎవరివని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సభలో వినిపించినదంతా రికార్డుకు ఎక్కదు. సభాపతి తొలగించమన్నవి పోతాయి. మైకు ఇవ్వకుండా మాట్లాడినవి రావు. పదిమంది ఒకేసారి అరిస్తే ఆ చోట బ్రాకెట్లలో "అంతరాయం" అని వేసి ముందుకు పోతాం. నా సర్వీసులో నేను ఎక్కువసార్లు టైపు చేసిన మాట అదే అయి ఉంటుంది.

ఆ రోజు జీరో అవర్ నడుస్తోంది. ప్రశ్నోత్తరాల తర్వాత సభ్యులు తమ ప్రాంతం సంగతులు రెండేసి నిమిషాల్లో చెప్పుకునే సమయం అది. ఒక సభ్యుడు లేచాడు. ఆయన పార్టీ ఏదో ఇక్కడ అనవసరం. ప్రభుత్వ బడుల్లో ఆయాలు, స్వీపర్లు, వాచ్‌మెన్లు, వంటవాళ్లు చేసే సేవను సభ గుర్తించాలనీ, ఏటా ఒకరోజు వాళ్లను సన్మానించాలనీ కోరాడు. మంచి మాటే. అయితే ఉన్న రెండు నిమిషాల్లో నిమిషంన్నర తన నాయకుణ్ణి పొగడడానికీ, ఒక ఫ్లైఓవర్ గొడవకీ పోయింది. ఆ తర్వాత జేబులోంచి చీటీ తీసి, ఫిల్మ్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేసే నలుగురి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ యాదయ్య. స్వీపర్ లక్ష్మి. వంటమనిషి సుగుణమ్మ. అక్కడికి ఎర్రలైటు వెలిగి మైకు ఆగిపోయింది. ఆయన ఆగలేదు. "ఆయా బాలమణి, ఇరవై రెండేళ్లుగా..." అన్నాడు. ఈలోగా సభాపతి ఇంకొకరిని పిలిచారు. ఎదుటి వరుసల నుంచి "అయిపోయింది, కూర్చో" అని కేకలు.

ఆయన నాకు పదడుగుల దూరంలో ఉన్నాడు. పేరు స్పష్టంగా వినిపించింది, రాసుకున్నాను. షార్ట్‌హ్యాండ్ గీతల్లో మనుషుల పేర్లు తారుమారయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, వాటిని మామూలు తెలుగు అక్షరాల్లో రాసుకోవడం నా అలవాటు.

వెనక గదిలో టైపు చేస్తూ ముగ్గురి పేర్లూ కొట్టాను. నాలుగో పేరు దగ్గర నా చెయ్యి దానంతటదే "(అంతరాయం)" అని కొట్టింది. అలా కొట్టమని ఎవరూ చెప్పలేదు. ఇంత వివరంగా ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, ఇతరుల తప్పులు తేదీలతో సహా గుర్తుపెట్టుకునే మనిషినని నాకు పేరుంది. నా తప్పు కూడా గుర్తుందని చెప్పాలి కదా.

మేం టైపు చేసినది అన్‌కరెక్టెడ్ కాపీగా సభ్యుడికి వెళుతుంది. తన మాటలు తాను చూసుకుని, తేడాలుంటే గడువులోగా దిద్ది పంపాలి. ఆ సభ్యుడి కాపీ ఒక్క గీటు కూడా పడకుండా తిరిగొచ్చింది.

మోతీనగర్‌లో మా ఇల్లు. మా ఆవిడ ఆ ఫిల్మ్‌నగర్ బడిలోనే తెలుగు టీచరు. రాసేటప్పుడు ఆ ఆలోచనే రాలేదంటే ఎవరూ నమ్మరు. బల్ల దగ్గర కూర్చున్నాక చెవి, చెయ్యి తప్ప మనిషిలో ఇంకేమీ పనిచేయవు. నెల పోయాక ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆవిడే అడిగింది.

"ఏవండీ, మీ సభ కాగితంలో మా బాలమణి పేరెందుకు లేదు?"

"ఏ కాగితం?"

"ఎమ్మెల్యేగారి ఆఫీసు నుంచి వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్‌గారు ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టారు. ముగ్గురి పేర్లున్నాయి, నాలుగో చోట అంతరాయం అని ఉంది. ఎవరండీ ఆ ఘనకార్యం చేసింది?"

కూర బాగుందన్నాను.

"కూర సంగతి తర్వాత. ఎవరు?"

"నేనే."

ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. "ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లు తిట్టుకున్న తిట్లన్నీ రాశారు. మా ఆయమ్మ పేరు దగ్గరకొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టిందా?"

ఆ శనివారం స్కూటర్ మీద వెళ్లాను. ఆ బడి ఒక డబ్బింగ్ స్టూడియోకూ బస్తీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వీధిలో కాస్ట్యూమ్స్ వ్యాన్ అడ్డంగా ఆపి, జరీ కోట్లు, కిరీటాలు దించుతున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్యకు ఫలానా అని చెప్పుకున్నాను.

"టీచరమ్మ సారా? రాండ్రి. ఎవరి కోసం, మా అంతరాయం మేడమ్ కోసమా?" అని ఆయన తన మాటకు తానే నవ్వుకున్నాడు. "అగో, కుళాయి కాడుంది."

బాలమణి ఆరో తరగతి పిల్ల మోకాలు కడిగి పసుపు అద్దుతోంది. యాదయ్య మాట అక్కడిదాకా వినిపించినట్టుంది.

"నీ నోట్ల మన్ను వడ, యాదన్నా!" అని అరిచి, నా వైపు తిరిగింది. "పోరగాండ్లు గూడ గట్లనే పిలుస్తుండ్రు సార్. అంతరాయం ఆయమ్మ అంట."

"ఆ కాగితం టైపు చేసింది నేనేనమ్మా."

ఆమె పిల్లను పంపించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్ను తేరిపార చూసింది. "అవు, మీరే. ఆ బల్ల కాడ కూసుంటిరి. మమ్ముల నలుగుర్ని తీస్కపోయి పైన గ్యాలరీల కూసోబెట్టిండ్రు. చప్పట్లు కొట్టొద్దు, లేవొద్దు, ఫోన్ తేవొద్దు అన్నరు. సరే అని చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న. మీరేమో తలకాయ ఎత్తకుంట రాస్తనే ఉండ్రి. నా పేరు చెప్పినప్పుడు గూడ మీ చెయ్యి ఆడింది. నేను చూసిన."

"రాశానమ్మా. తర్వాత తీసేశాను."

"ఎందుకు సార్?"

"అప్పటికి మైకు ఆగిపోయింది. మైకులో రానిది సభలో అననట్టే. అది రూలు."

"గంత దూరంల నాకు ఇనబడ్డది. కిందనే ఉన్న మీకు ఇనబడ్డది. మరి ఎవరికి ఇనబడలేదు సార్?"

ఆమె కుళాయి గట్టు మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంది.

"మా అల్లుడు లైట్‌మన్. సినిమా అయిపోయినంక పేర్లొస్తయి గదా, చాయ్ ఇచ్చినోని పేరు గూడ ఏస్తరు. జనమంత లేసి పోతుంటరు, ఒక్కడు చూడడు. అయినా ఏస్తరు. మేమైతే ఆయన పేరొచ్చేదాంక కూసుంటం."

తర్వాత అసలు విషయం చెప్పింది. బడి కమిటీవాళ్లు ఆమెను నోటిమాటగా పెట్టుకున్నారు. ఆర్డరు కాగితం లేదు. రిజిస్టర్‌లో ఆమె వరుసలో "ఆయా" అని మాత్రం ఉంటుంది. "ఇరవై రెండేండ్ల సంది చేస్తున్న. సర్కారు కాగితం మీద నా పేరు ఒక్కపారి పడలే. వచ్చే ఎండకాలం మానుకుంట, మోకాళ్లతోని అయితలేదు. అంతలోపట ఆ కాగితం జర సక్కగ చేయించుండ్రి సార్."

"చేయిస్తానమ్మా," అన్నాను. వారం రోజుల పని అనుకున్నాను.

సోమవారం మా చీఫ్ రిపోర్టర్ గదికి నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు.

"ఆడియోలో ఉందా?" అన్నాడు.

"లేదండీ. నా బుక్కులో ఉంది."

"ఆడియోనే ప్రమాణం. మీకు నేను చెప్పాలా?"

అదే సమావేశాల్లో ఒక మంత్రి మైకు లేకుండా వేసిన జోకు, దాని వెనక బ్రాకెట్లలో "నవ్వులు" రెండూ రికార్డులో ఉన్నాయి. ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టాను.

"ఆయన స్లిప్ పంపించారు," అన్నాడు చీఫ్ రిపోర్టర్. సభ్యుడు తన మాటను రాసి పంపే చీటీని స్లిప్ అంటారు. "మీ సభ్యుణ్ణి కూడా పంపమనండి."

జూబ్లీహిల్స్‌లో ఆ సభ్యుడి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి దొరికాడు. చెప్పులు వేసుకుంటూనే విన్నాడు.

"నలుగురి పేర్లూ చెప్పాను కదండీ. వీడియో కూడా పెట్టాం."

"వీడియోలో మూడే ఉన్నాయండీ. నాలుగోది మైకు ఆగాక చెప్పారు."

"అయితే చెప్పినట్టేగా? గ్యాలరీకి కూడా తీసుకెళ్లాం. ఇంకేం కావాలి ఆవిడకి?"

"పేరండీ."

"పీఏకి చెప్పండి," అని కారెక్కాడు. దిద్దే గడువు దాటిపోయిందనీ, ఇప్పుడు కారిజెండమ్ వేయాల్సింది మా ఆఫీసేననీ పీఏ అన్నాడు. కారిజెండమ్ అంటే అచ్చయిన రికార్డులో తప్పు దొర్లిందని ఒప్పుకుంటూ వేసే సవరణ. మా ఆఫీసులో అడిగితే, సభ్యుడు కోరితేనే వేస్తామన్నారు. ఈ తిరుగుడులో ఉండగానే ఆ సమావేశాల సంపుటం బైండై వచ్చేసింది. అప్పటినుంచి ఉత్తరాలు మొదలుపెట్టాను.

మరుసటి ఏప్రిల్‌లో బాలమణి పని మానుకుంది. బడిలో శాలువా కప్పారు. మా ఆవిడ రమ్మంటే వెళ్లాను. నన్ను చూడగానే బాలమణి అడిగింది.

"వచ్చిందా సార్ కాగితం?"

"లేదమ్మా."

నా నోటుబుక్కు పేజీని జిరాక్స్ తీయించి తీసుకెళ్లాను. అది ఇచ్చాను. ఆమె తిప్పి తిప్పి చూసింది. పేజీ నిండా గీతలు, సున్నాలు, చుక్కలు. మధ్యలో నాలుగు పేర్లు మాత్రమే అక్షరాల్లో ఉన్నాయి. నాలుగోదాని మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"మంచిగుంది సార్. కాని ఇది మీ బుక్కు. వాళ్ల బుక్కుల పడాలె గదా."

ఆమె పట్టుదల నాకు నచ్చింది. నా పట్టుదలను మెచ్చుకున్నవాళ్లు తక్కువ, అందుకే కావచ్చు.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. మైకు ఉన్నా లేకపోయినా, నా చెవికి స్పష్టంగా వినిపించిన మనిషి పేరును టైపు చేసి పంపేవాణ్ణి. తీసేయాలనుకుంటే చీఫ్ రిపోర్టర్ తన సిరాతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. అంతవరకూ మా గదిలో పేర్లు వాటంతటవే పోయేవి. ఎవరు తీశారో తెలిసేది కాదు, తీసినవాడికి కూడా. ఒకరు కొట్టేసినట్టు గుర్తు మిగిలితే, రేపెవరైనా అడగడానికి ఒక చోటంటూ ఉంటుంది. నా కాపీల్లో అలాంటి సంతకాలు పద్నాలుగు పోగయ్యాక నన్ను సభ నుంచి తప్పించి కమిటీల విభాగానికి పంపారు. కారణం రాయలేదు. నేను అడిగాను. దానికీ జవాబు లేదు. నిరుడు అక్కడినుంచే రిటైరయ్యాను.

సభా సచివాలయంలో ఈ పని చూడాల్సిన అధికారి ఎవరైతే వారికి ఇది నా పన్నెండో అర్జీ. ఆ సంపుటం, పేజీ, వరుస వివరాలు మీ దగ్గరున్న పదకొండు ఉత్తరాల్లోనూ ఉన్నాయి. ఆమె పూర్తి పేరు, ఇంటి చిరునామా కూడా ఉన్నాయి. దిద్దుతామంటే దిద్దండి. దిద్దడం కుదరదంటే ఏ రూలు ప్రకారం కుదరదో రాసి, కింద సంతకం చేసి, ముద్ర వేసి పంపండి. అయితే ఆ ఉత్తరం నాకు వద్దు. ఆయా బాలమణికి అని పైన రాసి, ఆమె ఇంటికి పంపండి.